యూవీ కొట్టాక కూడా కాలనీలు ఎందుకొచ్చాయి? డీఎన్‌ఏ మరమ్మతు, ఎస్ఓఎస్, ఎవ్లిన్ విట్కిన్

ప్రశ్న కాస్త పొడవుగా ఉంది కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. డిగ్రీ మూడో ఏడు మైక్రోబయాలజీ ప్రాక్టికల్. ఈ.కోలై బ్యాక్టీరియాని ప్లేట్ల మీద పరిచి, యూవీ దీపం కింద పెట్టి, ఎన్ని బతికాయో లెక్కపెట్టాలి. మీదీ మీ ఫ్రెండ్‌దీ ఒకే కల్చరు, ఒకే డోసు. ఫ్రెండ్ ప్లేటు వెంటనే ఇంక్యుబేటర్‌లోకి వెళ్ళింది, మర్నాడు ఏడు కాలనీలు. మీ ప్లేటు కిటికీ పక్కన గంటసేపు ఉండిపోయింది, దాంట్లో వందకు పైగా. "కంటామినేషన్, పడేయండి" అని ల్యాబ్‌లో అన్నారట. అది నిజంగా కంటామినేషనేనా, పుస్తకంలో రెండు లైన్లు ఉన్న ఎస్ఓఎస్ రెస్పాన్స్‌కీ (డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు బ్యాక్టీరియా స్పందించే తీరు) దీనికీ సంబంధం ఉందా, ఇంట్లో యూవీ వాటర్ ప్యూరిఫయర్‌ని నమ్మొచ్చా అని మీరు అడిగారు.

ఆ ప్లేటు ఇంకా పడేయకపోతే దయచేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కాలనీలన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో, మీరు స్ప్రెడ్ చేసినంత మేరా సమంగా ఉంటే అది కంటామినేషన్ కాదు. బయటి నుంచి పడ్డవి అలా రావు. ఓ మూల బూజు, ఓ పసుపు చుక్క, జిగురుగా పాకిపోయిన ఇంకొకటి, ఇలా తలొక రకంగా వస్తాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ.కోలైతోనే పనిచేశాను. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అది వెలుతురు చేసిన పని అని దాదాపు ఖాయంగా చెప్పగలను.

యూవీ దీపం వెలుతురు 254 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని డీఎన్‌ఏ బాగా పీల్చుకుంటుంది. అప్పుడు ఒకే పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్లు (డీఎన్‌ఏ అక్షరాల్లో ఒక రకం) ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. వాటినే థైమిన్ డైమర్లు అంటాం. జిప్పులో రెండు పళ్ళు అతుక్కుపోతే లాక్కొచ్చే రన్నర్ అక్కడే ఇరుక్కుపోతుంది కదా, డీఎన్‌ఏని కాపీ చేసే పాలిమరేజ్ కూడా డైమర్ దగ్గర అలాగే ఆగిపోతుంది. కాపీ పూర్తికాని కణం చచ్చిపోతుంది. అయితే ఈ.కోలైలో ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది చీకట్లో కూడా డైమర్‌ని పట్టుకుని కూర్చుంటుంది, కానీ విడదీయాలంటే దానికి నీలం వెలుతురు కావాలి. మీ కిటికీ ఇచ్చింది అదే.

దీన్ని 1949లో బయటపెట్టిన ఆల్బర్ట్ కెల్నర్‌ది కూడా అచ్చం మీ పరిస్థితే. అమెరికాలో న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబ్‌లో ఆయన స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్ అనే మట్టి బ్యాక్టీరియా స్పోర్లకి యూవీ ఇస్తున్నారు. ఒకే డోసు ఇచ్చినా ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా బతికేవి. మొదట టెంపరేచర్‌ని అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, స్పోర్లు ఉంచిన గాజు వాటర్ బాత్ కిటికీ దగ్గర ఉంది, ఎండ పడ్డవి బతుకుతున్నాయి. వెలుతురు ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ లక్షల రెట్ల తేడా కనిపించింది. తర్వాత క్లాడ్ రూపర్ట్ ఇది ఎంజైమ్ పనేనని చూపించారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన టర్కీ డాక్టరు అజీజ్ సన్జర్ ఆ జీన్‌ని క్లోన్ చేశారు. 2015లో డీఎన్‌ఏ మరమ్మతు మీద పరిశోధనకి కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో సన్జర్ ఒకరు. మనుషుల్లో ఫోటోలయేజ్ లేదు. మన చర్మంలో డైమర్లు ఏర్పడితే ఆ ముక్క కోసి తీసేసి, కొత్తది పూడ్చే దారే మనకి దిక్కు. ఆ కోసే దారి ఈ.కోలైలోనూ ఉంది. యూవీఆర్ ఏ, బీ, సీ అనే మూడు ప్రోటీన్లు కలిసి డైమర్ ఉన్న పన్నెండు, పదమూడు అక్షరాల ముక్కని కత్తిరిస్తాయి. దానికి వెలుతురు అక్కర్లేదు. మీ ఫ్రెండ్ ప్లేటులో ఏడు కాలనీలైనా మిగిలాయంటే అందులో దీని పాత్ర చాలానే ఉంటుంది.

మొదటి ప్రశ్నకి జవాబు ఇంతే. ఎస్ఓఎస్ అనేది వేరే విషయం. పుస్తకాలు రెండిటినీ ఒకే పేజీలో కుక్కేస్తాయి కాబట్టి కలిపేసుకోవడం సహజమే. ఫోటోలయేజ్, యూవీఆర్ ప్రోటీన్లు ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తాయి, మ్యుటేషన్ (డీఎన్‌ఏ అక్షరాల్లో మార్పు) రానివ్వవు. ఎస్ఓఎస్ అలా కాదు. అందులో చివరికి కణం తనంతట తానే తప్పులు చేస్తుంది. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. ఇది అర్థం కావాలంటే ఎవ్లిన్ విట్కిన్ కథ తెలియాలి. పుస్తకంలో ఆవిడ పేరు లేకపోతే అది పుస్తకం లోటు.

విట్కిన్ 1921లో న్యూయార్క్‌లో పుట్టారు. న్యూయార్క్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు, అవతలి టీం ఒప్పుకోదని నల్లజాతి ఆటగాడు లెనార్డ్ బేట్స్‌ని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళకుండా వదిలేశారు. దానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించిన విద్యార్థుల్లో ఏడుగుర్ని 1941లో సస్పెండ్ చేశారు. వాళ్ళలో ఆవిడ ఒకరు. దాంతో పై చదువు అక్కడ వద్దనుకుని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళి, జెనెటిక్స్ శాస్త్రవేత్త డాబ్‌జాన్‌స్కీ దగ్గర పీహెచ్‌డీలో చేరారు. మొదట పండ్ల ఈగల మీద పనిచేద్దామనుకున్నారు. లురియా, డెల్‌బ్రూక్ 1943లో బ్యాక్టీరియా మ్యుటేషన్ల మీద రాసిన పేపర్ చదివాక బ్యాక్టీరియా వైపు మళ్ళారు. బ్యాక్టీరియాకీ జీన్లుంటాయా అన్నది కూడా అప్పటికి చాలామందికి సందేహమే.

1944 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌కి వెళ్తే, అక్కడ డైరెక్టర్ డెమెరెక్ బ్యాక్టీరియాలో మ్యుటేషన్లు తెప్పించమని చెప్పారు. ఆవిడ అంతకుముందు బ్యాక్టీరియాని పట్టుకున్నదే లేదు. ఈ.కోలై బీ రకానికి యూవీ కొట్టారు. డోసు ఎంతివ్వాలో తెలియక బాగా ఎక్కువ ఇచ్చేశారు. మర్నాడు చూస్తే ప్లేటంతా ఖాళీ, నాలుగే నాలుగు కాలనీలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్లేటు ఎవరి చేతిలో ఉన్నా ఏం చేస్తారు? డోసు ఎక్కువైంది, తగ్గించి మళ్ళీ చేద్దాం అని ఆటోక్లేవ్‌లో పడేస్తారు. నేనూ అదే చేసేదాన్ని. విట్కిన్ మాత్రం ఆ నాలుగూ ఎందుకు బతికాయి అని అడిగారు. అదృష్టం కొద్దీ బతికాయా, లేక వాటిలో పుట్టుకతోనే ఏదైనా తేడా ఉందా? వాటిని పెంచి, మళ్ళీ యూవీ కొట్టారు. తట్టుకున్నాయి. తరాలు మారినా ఆ గుణం పోలేదు. అంటే యూవీకి తట్టుకోవడం కూడా జీన్ల మీద ఆధారపడిన గుణమే. ఆ రకానికి బీ/ఆర్ అని పేరు. కాలిఫోర్నియా నుంచి ఢిల్లీ దాకా ఎన్ని ల్యాబుల్లో తర్వాత దానిమీద పనిచేశారో లెక్కలేదు. ఒక్క వేసవి సెలవుల్లో, మొదటిసారి బ్యాక్టీరియా పట్టుకున్న విద్యార్థిని చేతిలో దొరికింది అది.

తర్వాత మైక్రోస్కోప్‌లో రెండు రకాల్నీ చూశారు. యూవీ తగిలాక బీ రకం కణాలు పొడవుగా సాగుతూనే ఉన్నాయి, కానీ విడిపోవట్లేదు. మామూలు ఈ.కోలై అంటే బియ్యపు గింజలా పొట్టిగా ఉంటుంది. ఇవి ఉడికిన సేమియాలా చుట్టలు చుట్టుకుని పడున్నాయి. అలా సాగి సాగి చచ్చిపోతున్నాయి. బీ/ఆర్ కణాలు మాత్రం కాసేపు ఆగి, మళ్ళీ విడిపోవడం మొదలుపెట్టాయి. యూవీ తగలగానే కణ విభజనని ఆపే బ్రేకేదో పడుతోందని, బీ రకంలో ఆ బ్రేకు వదలట్లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఆ బ్రేకు సుల్ఏ అనే ప్రోటీన్ అనీ, మామూలుగా దాన్ని లాన్ అనే ప్రోటియేజ్ నమిలేస్తుందనీ, బీ రకంలో లాన్ లేదనీ, బీ/ఆర్‌లో సుల్ఏనే చెడిపోయిందనీ మాలిక్యూల్ స్థాయిలో తేలడానికి దాదాపు 40 ఏళ్ళు పట్టింది. సుల్ఏ వెళ్ళి ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. కణం మధ్యలో బిగుసుకుని రెండుగా విడదీసే రింగు ఆ ప్రోటీన్‌తోనే తయారవుతుంది.

ఆ సేమియాని ఆవిడ మర్చిపోలేదు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేద్దామనుకుంటే పార్ట్‌టైమ్‌గా కొనసాగమన్నారు, అలాగే కొనసాగారు. 1967లో ఒక పేపర్ రాశారు. దాంట్లో ఆవిడ పోలిక ఇది. లాంబ్డా అనే వైరస్ ఈ.కోలై డీఎన్‌ఏలోనే దాక్కుని ఉంటుంది. దాన్ని నిద్రపుచ్చేది ఒక రిప్రెసర్ ప్రోటీన్. యూవీ తగిలితే ఆ రిప్రెసర్ పోతుంది, వైరస్ లేస్తుంది. ఫిలమెంట్లు, అంటే ఆ సేమియా కణాలు, కూడా అంత తక్కువ డోసుకే వస్తున్నాయి, అవే పరిస్థితుల్లో వస్తున్నాయి. అంటే కణ విభజన బ్రేకుని కూడా అలాంటి రిప్రెసరే నొక్కిపెట్టి ఉండాలి, డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు రెండు రిప్రెసర్లూ ఒకే దారిలో పోతుండాలి. రెండు వేర్వేరు విషయాలు ఒకే స్విచ్చు కింద ఉన్నాయన్న మాట. అప్పటికి ఆ రిప్రెసర్ని ఎవరూ చూడలేదు. ఊహ మాత్రమే, కానీ లెక్క తప్పని ఊహ.

1970లో మిరోస్లావ్ రాద్మాన్ ఇదే దారిలో ఇంకో అడుగు వేశారు. యూవీతో వచ్చే మ్యుటేషన్లు కూడా ఈ స్విచ్చు కిందివేనని రాసి, తెలిసిన సైంటిస్టులకి ఉత్తరం పంపారు. ప్రమాదంలో ఉన్న ఓడ పంపే సంకేతాన్ని గుర్తుచేస్తూ ఎస్ఓఎస్ అని పేరు పెట్టింది ఆయనే. విట్కిన్ అప్పటికే చూసిన ఒక వింత ఇందులో సరిగ్గా ఇమిడిపోయింది. లెక్స్ఏ, రెక్ఏ అనే జీన్లలో కొన్ని మార్పులున్న ఈ.కోలై యూవీకి దారుణంగా చచ్చిపోతుంది, కానీ బతికిన వాటిలో యూవీ వల్ల కొత్త మ్యుటేషన్లు రావు.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఈ ప్రయోగం నా చేతుల్తో చేశాను. మామూలు రకం, రెక్ఏ లేని రకం, రెండిటికీ యూవీ ఇచ్చి రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్ల మీద వేశాను. మామూలు రకంలో రెసిస్టెంట్ (ఆ మందుని తట్టుకునే) కాలనీలు బాగా పెరిగాయి. రెక్ఏ లేని దాంట్లో, బతికిన వాటి లెక్కతో పోల్చి చూస్తే పెరుగుదలే లేదు. మా గైడు "యూవీ మ్యుటేషన్ తెస్తుంది అని ఇకమీద అనకు, కణం తెస్తుంది అను" అన్నారు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. యూవీ దెబ్బ మాత్రమే కొడుతుంది. ఆ దెబ్బని మ్యుటేషన్‌గా మార్చేది కణంలోని యంత్రాంగం.

దీనికి ఇంకా గట్టి సాక్ష్యం కూడా విట్కినే ఇచ్చారు. 42 డిగ్రీల వేడికి రెక్ఏ తనంతట తానే మేల్కొనే ఒక మ్యూటెంట్ ఉంది. దానికి యూవీ ఇవ్వకుండా వేడి మాత్రం పెంచితే మ్యుటేషన్లు పెరిగాయి. అంటే డీఎన్‌ఏకి ఎవరూ ఏ దెబ్బా కొట్టకపోయినా స్విచ్చు వేస్తే తప్పులు మొదలయ్యాయి. ఇదంతా కలిపి ఆవిడ 1976లో రాసిన పెద్ద సమీక్ష వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. మొదటిసారి అర్థం కాకపోయినా వదలకండి.

ఇప్పుడు మనకి తెలిసిన క్రమం ఇది. మామూలు రోజుల్లో లెక్స్ఏ అనే ప్రోటీన్ నలభై పైచిలుకు జీన్ల ముందు కూర్చుని వాటిని నొక్కిపెడుతుంది. పాలిమరేజ్ డైమర్ దగ్గర ఆగిపోతే అక్కడ ఒంటిపోగు డీఎన్‌ఏ బయటపడుతుంది. రెక్ఏ వచ్చి దాని చుట్టూ దారంలా చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న రెక్ఏని తాకితే లెక్స్ఏ తనని తానే రెండు ముక్కలు చేసుకుంటుంది. లాంబ్డా రిప్రెసర్ కూడా అంతే, 1967 ఊహ నిజమైంది. అప్పుడు జీన్లు తెరుచుకుంటాయి, కానీ అన్నీ ఒకేసారి కాదు. ఈ వరస నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మొదట తప్పుల్లేకుండా కోసి పూడ్చే యూవీఆర్ ప్రోటీన్లు వస్తాయి. విభజనని ఆపే సుల్ఏ ఆ తర్వాత వస్తుంది, మరమ్మతు అయ్యేదాకా ఆగమన్నట్టు. అయినా పని అవ్వకపోతే, అరగంట దాటాక, ఉము జీన్ల నుంచి పాలిమరేజ్-5 తయారవుతుంది. అది డైమర్ మీదుగా దాటగలదు, కానీ ఎదురుగా ఏ అక్షరం పెట్టాలో చూసుకోకుండా పెట్టేస్తుంది, పెట్టింది సరిచూసుకోదు. చావు కన్నా తప్పుల బతుకు నయం అన్న స్థితి వచ్చాకే అది రంగంలోకి దిగుతుంది. ఆ ప్రోటీన్ నిజంగా ఒక పాలిమరేజ్ అని 1990ల చివర్లో తేలింది. అప్పటికి విట్కిన్ రిటైరయ్యారు.

2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, 2015లో స్టీఫెన్ ఎలెజ్‌తో కలిసి లాస్కర్ అవార్డు ఆవిడకి వచ్చాయి. ఎలెజ్ ఈ ఉము జీన్ల మీదే పీహెచ్‌డీ చేసి, తర్వాత మనుషుల కణాల్లో డీఎన్‌ఏ దెబ్బకి స్పందన ఎలా ఉంటుందో పట్టుకున్నారు. అదే ఏడాది నోబెల్ డీఎన్‌ఏ మరమ్మతుకే వచ్చినా అందులో ఆవిడ పేరు లేదు. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరని తెలిసినా నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. ఆవిడ 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇదంతా పాత చరిత్ర కదా అనుకోకండి. సిప్రోఫ్లాక్సాసిన్ టాబ్లెట్ పేరు మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు ఉండరు. అది బ్యాక్టీరియాలో డీఎన్‌ఏ మెలికలు సరిచేసే గైరేజ్ ఎంజైమ్‌ని పట్టేసి డీఎన్‌ఏ తెగేలా చేస్తుంది. డీఎన్‌ఏ తెగితే రెక్ఏ లేస్తుంది, ఎస్ఓఎస్ మొదలవుతుంది. 2005లో అమెరికాలో ఫ్లాయిడ్ రోమ్స్‌బర్గ్ బృందం లెక్స్ఏ ముక్కలు కాకుండా మార్చిన ఈ.కోలైతో ఎలుకలకి ఇన్ఫెక్షన్ తెప్పించి సిప్రో ఇచ్చింది. మామూలు రకంలో రెసిస్టెన్స్ వచ్చింది, మార్చిన రకంలో రాలేదు. చావాల్సినంత డోసు కాకుండా సగం సగం డోసు పడితే బ్యాక్టీరియా చావదు, స్విచ్చు మాత్రం పడుతుంది. రెండు రోజులకే జ్వరం తగ్గిందని టాబ్లెట్లు ఆపేస్తాం, ఇంకోసారి ఆ మిగిలినవే డాక్టరుని అడక్కుండా వేసుకుంటాం. నాకు టెన్షన్ పుట్టించేది అదే.

మనకి ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర, మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. అంత గాఢత దగ్గర సున్నితమైన బ్యాక్టీరియా చస్తుంది, అప్పటికే తట్టుకునేది మిగులుతుంది. నీళ్ళు వాగుల్లో కలిసి పలచబడే కొద్దీ చంపని డోసు దగ్గరికి వస్తుంది, అక్కడ ఎస్ఓఎస్ లేచే అవకాశం ఉంది. అయితే రెసిస్టెన్స్ అంతా ఎస్ఓఎస్ వల్లే అని రాసేయకండి, పరీక్షలో కూడా. మందు ఏరి మిగల్చడం, ప్లాస్మిడ్ల (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్ళే చిన్న డీఎన్‌ఏ రింగులు) ద్వారా జీన్లు చేతులు మారడం, ఈ రెండూ చాలా పెద్ద కారణాలు. కొన్ని రెసిస్టెన్స్ జీన్లు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకడాన్ని కూడా ఎస్ఓఎస్ పెంచుతుంది. కలరా బ్యాక్టీరియాలోని ఎస్ఎక్స్‌టీ అనే డీఎన్‌ఏ ముక్క విషయంలో 2004లో ఇది చూపించారు.

ఈ రంగంలో పనిచేయాలంటే అమెరికాకే పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థల్లో ఈ.కోలై జెనెటిక్స్ మీద ఏళ్ళ తరబడి గట్టి పని జరిగింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో కె. మునియప్ప టీబీ బ్యాక్టీరియా రెక్ఏ మీద, ఉమేశ్ వర్ష్నే డీఎన్‌ఏలో చేరిన యురాసిల్‌ని తీసేసే ఎంజైమ్ మీద పనిచేశారు. ఎమ్మెస్సీలో చేరాక వీళ్ళ పేపర్లు వెతికి చదవండి.

వాటర్ ప్యూరిఫయర్ సంగతి. భయపడక్కర్లేదు. తాగునీటికి సాధారణంగా చదరపు సెంటీమీటరుకి 40 మిల్లీజౌళ్ళ డోసు పెట్టుకుంటారు. ఈ.కోలైని చంపడానికి కావలసిన దానికన్నా అది చాలా ఎక్కువ, అన్ని డైమర్లని ఏ ఎంజైమూ సరిచేయలేదు. కానీ దీపం పాతబడినా, గొట్టం లోపల పాచి పట్టినా, నీళ్ళు మురికిగా ఉన్నా డోసు తగ్గుతుంది. సర్వీసింగ్ టైముకి చేయించండి. పట్టిన నీళ్ళు పారదర్శకంగా ఉన్న సీసాలో ఎండ తగిలేచోట పెట్టకండి.

ఇక మీ ప్రాక్టికల్. మళ్ళీ చేయండి, ఈసారి కావాలనే. హాని చేయని కే-12 రకమే వాడండి, యూవీ కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. యూవీ ఇచ్చేటప్పుడు ప్లేటు మూత తీయాలి, ఆ వెలుతురు గాజులోంచీ ప్లాస్టిక్‌లోంచీ పోదు. మూత పెట్టి ఇస్తే అన్నీ బతుకుతాయి, అదో వింత అనుకుంటారు. గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేసి, పసుపు లేదా ఎర్ర బల్బు పెట్టుకోండి. యూవీ ఇచ్చిన వెంటనే సగం ప్లేట్లకి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. చుట్టినవీ చుట్టనివీ ఒకే కిటికీ దగ్గర, పక్కపక్కనే, నీరెండలో గంటసేపు ఉంచండి. ఒకటి కిటికీ దగ్గర, ఇంకోటి లోపల పెడితే "వేడి వల్లేమో" అని ఎవరైనా అడుగుతారు, అప్పుడు జవాబుండదు. యూవీ అసలు ఇవ్వని ప్లేట్లు కూడా రెండు రకాలుగానూ ఉండాలి. తర్వాత అన్నీ చీకట్లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా.

ఎస్ఓఎస్ కూడా కళ్ళారా చూడాలనుంటే కల్చరుకి తక్కువ డోసు యూవీ ఇచ్చి, ఫాయిల్ చుట్టి, గంటన్నర పెంచి, ఒక చుక్క స్లైడు మీద వేసి చూడండి. పక్కన యూవీ ఇవ్వని చుక్క పెట్టుకోండి. రెండో దాంట్లో బియ్యపు గింజలు, మొదటి దాంట్లో సాగిన సేమియా కనిపిస్తాయి. కే-12లో లాన్ ఉంది కాబట్టి ఇంకొన్ని గంటలాగితే ఆ సేమియా మళ్ళీ తునకలై గింజలుగా మారడం కూడా చూడొచ్చు. అందుకే మొదటి స్లైడు చూసి ఆపేయకండి, రెండు గంటలకోసారి తీసి, పొడవులు గీసి, టైము రాసిపెట్టండి. ఆ లెక్కలు పంపితే నేను చూస్తాను.